అడ్డంగా విరిగిన ఎముక

మార్చి 3
ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం

ఒరేయ్ పిడుగూ,

వెల్లకిలా పడుకుని, అట్ట గుండెల మీద ఆనించుకుని రాస్తున్నాను. అక్షరాలు ఎక్కుతూ దిగుతూ ఉంటే తిట్టకు. నీ చెవులు బాగుంటే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకునేదాన్ని. మాంసం కోసే రంపాల పక్కన నిలబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నావు, డాక్టరిచ్చిన చెవి మిషనేమో డబ్బాలో దాచుకున్నావు. కాబట్టి ఓపిగ్గా చదువు.

నా కుడి తొడ ఎముక విరిగింది. కంగారుపడకు, బతికే ఉన్నాను.

మొన్న పొద్దున వంటింట్లో నాకూ అల్లుడికీ మాటా మాటా పెరిగింది. ఎందుకో రాయను, రాస్తే నువ్వు కూడా అతని పక్షమే చేరతావు. నీ మేనకోడలు పనికి వెళ్ళిపోయింది, మమ్మల్ని ఆపే దిక్కు లేదు. అల్లుడి గొంతు నీకు తెలుసుగా, లిఫ్టులు బాగుచేసే పని, అడుగునుంచి పై అంతస్తు వాళ్ళకి వినపడేలా అరిచి అరిచి అలా తయారైంది. నా గొంతు మాత్రం తక్కువా? చివరికి అతను చేతిలో గ్లాసు గోడకేసి కొట్టాడు. నేను పొయ్యి ఆర్పేసి, అతని మొహం చూడకూడదని గిరుక్కున అటు తిరిగాను. టప్పుమని ఒక చప్పుడు. ఎక్కడిదా అని నేను కూడా చుట్టూ చూశాను రా, నిజం. చూసేసరికి నేల మీద ఉన్నాను. మోకాలు పొయ్యి వైపు ఉంది, పాదమేమో గుమ్మం వైపు తిరిగి ఉంది. అప్పుడు అరిచాను. కాన్పులో కూడా అలా అరవలేదు. పై వాటా వాళ్ళూ కింది వాటా వాళ్ళూ వచ్చి గుమ్మంలో గుంపు కట్టి, పగిలిన గ్లాసునీ నన్నూ అల్లుణ్ణీ మార్చి మార్చి చూశారు.

కాలికి బరువు కట్టి మంచం చివర నుంచి వేలాడదీశారు. తుమ్మితే చాలు, విరిగిన కొసలు రెండూ లోపల ఒకదాన్నొకటి గీరుకుంటాయి. చుక్కలు కనిపిస్తున్నాయి. ఎల్లుండి ఆపరేషనట. తొడ ఎముకలో మూలుగ తొలిచి, తుంటి నుంచి మోకాలి దాకా లోహపు కడ్డీ దించి, అటూ ఇటూ మరలు బిగిస్తారట. "మీ వయసు వాళ్ళు మంచాన ఉండిపోతే ఎముక కంటే ముందు ఊపిరితిత్తులు పోతాయమ్మా, అందుకే తొందరగా చేసి తొందరగా నిలబెడతాం" అన్నాడు సర్జను. చేతులు చూస్తే వడ్రంగి చేతుల్లా ఉన్నాయి. నేనాయనకి ఆ పేరే పెట్టుకున్నాను.

నువ్వు మాత్రం దుకాణం మూసి పరిగెత్తుకు రావద్దు. నీకు ముక్కు మీద కోపం, ఆసుపత్రిలో ఎవరితోనో ఒకరితో పెట్టుకుంటావు.

మంచానికి కట్టేసి ఉన్న
అక్క


మార్చి 8
దుకాణం నుంచి

అక్కా,

నీ ఉత్తరం మాంసం కొట్టే మొద్దు మీద పెట్టుకుని చదివాను. నీకు తిరిగి రాసే ఈ కాగితానికీ మరక అంటింది. అది గొర్రెది, భయపడకు.

చదివాక కత్తి పట్టబుద్ధి కాలేదు. తలెత్తి చూస్తే ఎదురు దుకాణం వాడు నా మొహం చూసి నవ్వుతున్నాడు. వెళ్ళి జుట్టు పట్టుకుని ఐసు పెట్టె అంచుకేసి కొట్టాను. ముందు పళ్ళు ఊడి వాడి నోట్లోంచే నా అరచేతిలో పడ్డాయి. తర్వాత తెలిసింది, వాడు నన్ను చూసి నవ్వలేదట, నా వెనకాల ఎవరో ఏదో అంటే నవ్వాడట. అది నాకు వినపడి ఏడిస్తే కదా. పళ్ళు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేశాను.

సరే, అది వదిలెయ్. నాకొకటి చెప్పు. "గ్లాసు గోడకేసి కొట్టాడు" అని రాశావు. ఆ వెంటనే "గిరుక్కున తిరిగాను, టప్పుమంది" అని రాశావు. ఈ రెండిటి మధ్యలో ఒక వాక్యం తక్కువైంది అక్కా. ఆ వాక్యం ఏది?

వంటింట్లో తిరిగితే తొడ ఎముక విరుగుతుందా? ఒంట్లో దాన్ని మించిన ఎముక లేదు. కత్తి వెనక్కి తిప్పి రెండు చేతులా ఎత్తి కొడితే గానీ నాకే లొంగదు. నా బతుకంతా అదే పని.

అమ్మ గుర్తుందా? నాన్న పీట తీసుకుని మోచెయ్యి విరగ్గొట్టిన రోజు, కట్టు కట్టేవాడు అడిగితే "మెట్ల మీద జారిపడ్డాను" అంది. దవడ వాస్తే "తలుపు తగిలింది" అంది. జుట్టు కుదుళ్ళతో ఊడొస్తే దానికేం చెప్పిందో మర్చిపోయాను. మనిద్దరం మంచం కింద దాక్కుని అన్నీ విన్నాం. నువ్వు నా నోరు మూసేదానివి, నేను నీ చెయ్యి కొరికేవాణ్ణి. నా చెవులు పోయాయి గానీ అమ్మ గొంతు మాత్రం పోలేదు. నీ ఉత్తరంలో అదే గొంతు వినపడింది.

ఎందుకు గొడవైందో రాయనన్నావు. ఎందుకు రాయవు?

తమ్ముడు


మార్చి 17
ఇంటి నుంచి

పిడుగూ,

ముందు వెళ్ళి ఆ ఎదురు దుకాణం అతనికి క్షమాపణ చెప్పు. చెప్పావని అతని చేత రాయించి పంపితే గానీ నమ్మను. ఇంత వయసొచ్చింది, ఇంకా నీకు చెయ్యే ముందు లేస్తుంది, బుర్ర తర్వాత లేస్తుంది.

ఆపరేషన్ అయిపోయింది. నిన్ననే ఇంటికి తెచ్చారు. ఎలా జరిగిందో చెప్తాను, నీ పనికి దగ్గరగానే ఉంటుంది.

నడుములో సూది పొడిచి కింది సగం మొద్దుబార్చారు. పూర్తిగా నిద్రపుచ్చండి బాబూ అంటే, గుండెకి ఇదే మంచిదన్నారు. అంటే చెవులు తెరిచే ఉంచారన్నమాట. పాదాన్ని బూటులో బిగించి, ఆ బూటుని బల్లకి బిగించి, మర తిప్పుతూ కాలు సాగదీశారు. మధ్యలో తెర కట్టారు. తుంటి పైన కోసింది తెలియలేదు. ఆ తర్వాత డ్రిల్లు మొదలైంది. అల్లుడు గోడకి రంధ్రం పెట్టేటప్పుడు వచ్చే రొదే, కాకపోతే ఈసారి గోడని నేను. సన్నది తీసి లావుది, లావుది తీసి ఇంకా లావుది వేసి మూలుగంతా తొలిచారు. తర్వాత కడ్డీ పెట్టి సుత్తితో కొట్టారు. దెబ్బ దెబ్బకీ బల్ల కదిలింది, నా పళ్ళు కటకటలాడాయి. నొప్పి మాత్రం లేదు. ఎవరో నన్ను చితక్కొడుతున్నారు, నాకు నొప్పి లేదు. కళ్ళమ్మట నీళ్ళు వాటంతటవే కారిపోయాయి. తల దగ్గర కూర్చున్న డాక్టరమ్మ "నొప్పిగా ఉందా?" అంది. "లేదమ్మా, మా అమ్మ గుర్తొచ్చింది" అన్నాను. ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు.

చివర్లో కుట్లు వేస్తారనుకుంటే కాగితాలకి కొట్టినట్టు పిన్నులు కొట్టారు. జీవితమంతా కుట్టుమిషను తొక్కి బతికిన దాని చర్మానికి పట్టిన గతి చూడు. మర్నాడే నిలబెట్టారు. నిలబెట్టినామెని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె "తిట్టండి, కానీ అడుగెయ్యండి" అంది.

ఇక నీ తక్కువైన వాక్యం. నా తొడ మూణ్ణెల్లుగా సలుపుతోంది. అల్లుడు రోజూ "డాక్టరుకి చూపిద్దాం పదండి అత్తయ్యా" అంటాడు, నేను రేపు మాపు అంటాను. ఆరోజు పనికి సెలవు పెట్టి, చెప్పులేసుకుని వచ్చి నిలబడ్డాడు. నేను రానన్నాను. "మీరు పడిపోతే గానీ బుద్ధి రాదా" అని అరిచాడు. "నీకెందుకురా" అన్నాను. గ్లాసు అప్పుడు ఎగిరింది. మధ్యలో ఏమీ లేదు. ఎవరూ నన్ను ముట్టుకోలేదు.

వడ్రంగి చెప్పిందేమిటంటే, నేను వారం వారం మింగే ఎముకల మాత్ర ఉంది చూడు, పరగడుపున వేసుకుని కదలకుండా నిటారుగా కూర్చుంటానని వెక్కిరిస్తావే, అదే. అది చాలామందికి మేలే చేస్తుందట. కానీ ఆపకుండా ఏళ్ళ తరబడి మింగితే ఏ కొందరికో తొడ ఎముక తనని తాను బాగుచేసుకోవడం మానేస్తుందట. ఇంకా ఏదో చెప్పాడు గానీ మందు మత్తులో సగం నా బుర్రకెక్కలేదు. ఎడమ తొడలోనూ సన్నటి గీత మొదలైందట. అది విరక్కముందే దాంట్లోనూ కడ్డీ వేయించుకోమంటున్నాడు. ఒకటి చాలు, చూద్దాంలే అన్నాను. దాని మీద ఇంట్లో మళ్ళీ యుద్ధం.

విరిగినప్పటి ఎక్స్‌రే ఫిల్ము ఒకటి ఎక్కువ తీయించి ఇందులో పెట్టాను. ఎముకల మనిషివి కదా, చూసి సంతోషించు. జబ్బల మీద ఇంకా కమిలిన మచ్చలున్నాయి, ఆరోజు అల్లుడు నన్ను ఎత్తి స్ట్రెచరు మీద వేసినప్పటి వేళ్ళ గుర్తులు. ఇనప చేతులు మహానుభావుడివి.

లోపల కడ్డీ ఉన్న
అక్క


మార్చి 23

అక్కా,

ఫిల్ము ట్యూబులైటుకి అడ్డం పెట్టి చూశాను. దుకాణం మూసి మరీ చూశాను.

నేను బడికి పోయింది తక్కువే గానీ ఎముకని చూసి అది ఎలా విరిగిందో చెప్పడానికి నాకు ఏ డాక్టరూ అక్కర్లేదు. ముసలివాళ్ళు పడితే విరిగేది తుంటి కింద, ఎముక సన్నబడి వంపు తిరిగే చోట. నీది అక్కడ విరగలేదు. నడుమ విరిగింది. అడ్డంగా, స్కేలు పెట్టి గీసినట్టు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను విరిచే ఎముకలన్నీ అలాగే విరుగుతాయి. మొద్దు మీద అడ్డంగా పెట్టి, కత్తి వెనకవైపుతో ఒక్కటి వేస్తే, ఆ గీతే.

ఆ గీతకి సరిగ్గా బయటివైపు ఎముక మీద ఒక బొడిపె ఉంది, చూశావా? దెబ్బ పడింది అక్కడే. కొట్టినచోట ఉబ్బింది. లిఫ్టు పనివాడి ఇంట్లో ఇనప కడ్డీలకి కరువా?

రెండో కాలిలో కూడా గీత ఉందట. అంటే అటు కూడా ఒకటి పడింది. జబ్బల మీద వేళ్ళ గుర్తులట, ఎత్తాడట! ఎముకలు గట్టిపడే మాత్ర మింగితే ఎముక విరిగిందట! నీకీ కథ చెప్పించింది ఎవరక్కా? నువ్వు ఉత్తరం రాస్తుంటే వాడు పక్కన నిలబడి ఉన్నాడా?

నాన్న మీద చెయ్యెత్తే బలం నాకొచ్చేసరికి ఆయన పోయాడు. ఆయనకి పడాల్సిన దెబ్బ నా చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ గొర్రెల మీదా ఎడ్ల మీదా కొట్టాను, అయినా అది దిగలేదు.

జవాబు రాయొద్దు. దుకాణం సంగతి చూసుకుని నాలుగైదు రోజుల్లో బయల్దేరుతున్నాను.

తమ్ముడు


మార్చి 26

ఒరేయ్ మూర్ఖుడా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. కాళ్ళు ఎలాగూ ఆడవనుకో.

నీకెలా చెప్పాలి? "కొట్టాడు" అంటే నమ్ముతావు, "కొట్టలేదు" అంటే అమ్మ గొంతు అంటావు. ఇక నేను ఏ గొంతుతో చెప్పాలి రా?

అల్లుడు అరుస్తాడు. గ్లాసులు పగలగొడతాడు. తర్వాత తనే వంగి ఆ ముక్కలు ఏరతాడు. నేను మంచం దిగలేని రోజుల్లో నీ మేనకోడలికి నడుం పట్టేస్తే, నా మలమూత్రాలు ఎత్తిపోసింది ఆ చేతులే. సిగ్గుతో నేను చచ్చిపోతుంటే, "మా లిఫ్టు గోతుల్లో ఇంతకంటే ఘోరమైనవి ఎత్తాను అత్తయ్యా" అన్నాడు. స్నానాలగదిలో నేను పట్టుకుని నిలబడటానికి గోడకి పైపు బిగిస్తానని ఇనప సామాను తెచ్చుకున్నాడు.

ఎడమ కాలికి కూడా కడ్డీ వేయించుకోవడానికి ఒప్పుకున్నాను. వచ్చే వారమే. అతని పోరు పడలేక ఒప్పుకున్నాను.

ఇప్పుడు రావద్దు. రాక తప్పదంటే ఆ చెవి మిషను పెట్టుకుని రా, చేతులు జేబుల్లో పెట్టుకుని రా. మా మాట విన్నాక నీకేం చెయ్యాలనిపిస్తే అది చెయ్యి.

ఈ ఉత్తరం నీకంటే ముందు చేరాలని దణ్ణం పెట్టుకుంటున్నాను.

అక్క


ఏప్రిల్ 7
ఆసుపత్రి

తమ్ముడికి,

నువ్వు అంతా చూశావు. ఏమీ వినలేదు. నీకు వినపడనిది రాస్తున్నాను.

నువ్వు తలుపు తోసుకుని వచ్చేసరికి నేను స్నానాలగది ముందు వాకరు పట్టుకుని నిలబడి ఉన్నాను. అల్లుడు పైపు రెండు చేతులా ఎత్తి గోడకి ఆనించి, "ఈ ఎత్తు సరిపోతుందా అత్తయ్యా, ఇంకాస్త దించనా?" అంటున్నాడు. నీకు కనపడింది ఎత్తిన పైపూ, దాని కింద నేనూ. అంతేగా?

నిన్ను చూసి అతను "రండి మామయ్యా, ఫోనైనా చేయించలేదే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నువ్వు పైపు లాక్కున్నావు. సాయం పడుతున్నావనుకుని వదిలేశాడు. నేను "వద్దురా" అన్నాను.

అతని తొడ మీద పడిన మొదటి దెబ్బకి వచ్చిన చప్పుడు నా ఎముక చప్పుడులాంటిది కాదు. పచ్చి కట్టె నలిగిన చప్పుడూ పెంకు పగిలిన చప్పుడూ కలిసి వచ్చాయి. అతను పడిపోయాక కూడా అదే చోట మళ్ళీ కొట్టావు. అమ్మా అని అరవలేదు అతను. "అత్తయ్యా, అత్తయ్యా" అని అరిచాడు, నేనేదో ఆపగలననుకున్నాడు కాబోలు. నువ్వు మూడోసారి ఎత్తినప్పుడు పైపు కొస బల్బుకి తగిలి గాజు మా అందరి మీదా రాలింది. ఎముక మొన ప్యాంటు చీల్చుకుని బయటికొచ్చింది. తెల్లటి పలకల మీద నెత్తురు తూము వైపు పారింది. "ఆపరా, నేను చెప్తున్నాను కదరా, ఆపరా" అని నా గొంతు చీరుకుపోయింది. పై వాటా వాళ్ళకి వినపడింది. వీధిలో పోయేవాళ్ళకి వినపడింది. నీ వీపు నా వైపు ఉంది, నీకు వినపడలేదు.

నా మొహం నీకు కనపడితే ఆపుతావని వాకరు వదిలేసి నీ ముందుకు రాబోయాను. ఎడమ కాలు వేశాను. టప్.

అప్పుడు తిరిగావు. నేను పడితే నేల అదిరిందేమో. నా చుట్టూ చెయ్యి చాపినంత దూరంలో ఎవరూ లేరు. నన్ను కొట్టాడని నువ్వనుకున్నవాడు నీ కాళ్ళ దగ్గర సొమ్మసిల్లి ఉన్నాడు. నువ్వు నన్ను చూశావు, అతన్ని చూశావు, నీ చేతిలో పైపు చూసుకున్నావు.

ఆ ఎడమ కాలికి ఆపరేషన్ అప్పటికి ఇంకో రెండు రోజుల్లో ఉంది. విరక్కముందే కడ్డీ దించి ఉంటే సుఖంగా అయిపోయేది. ఇప్పుడు విరిగాక చేశారు. నెత్తురు ఎక్కించారు. అల్లుడికీ ఆ వడ్రంగే చేశాడు. చిల్లిపడిన కండ కడిగి, ముక్కలు ఏరి, బయటి నుంచి చట్రం బిగించాడు. పుండు మానితే లోపల కడ్డీ వేస్తాడట. ఈ ఏడాదికి లిఫ్టు గోతిలోకి దిగడు. ఆ తర్వాత దిగుతాడో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

నీ మేనకోడలు మా ఇద్దరి వార్డుల మధ్య తిరుగుతోంది. ఎవరితోనూ మాట్లాడటం లేదు.

పోలీసాయన వచ్చి అడిగితే, నిచ్చెన మీంచి పడ్డానని చెప్పాడట అల్లుడు. చక్రాల కుర్చీలో నన్ను చూడటానికి వచ్చి, "పెద్దాయన, మీకున్నది ఒక్క తమ్ముడు, పోనివ్వండి అత్తయ్యా" అన్నాడు. చెప్తూ చెప్తూ నొప్పికి పెదవి కొరుక్కున్నాడు. నాకు జ్వరం తగ్గాక నన్ను కూడా అడుగుతారట.

అక్క


ఏప్రిల్ 12

అక్కా,

మీ ఇద్దర్నీ లోపలికి తీసుకెళ్ళాక నేను ఆసుపత్రి వరండాలోనే కూర్చున్నాను. బట్టల నిండా నెత్తురు. ఎవరూ అడగలేదు, మిమ్మల్ని మోసుకొచ్చినప్పుడు అంటిందనుకున్నారేమో. నీ వడ్రంగి బయటికొచ్చి ఏదేదో అడిగాడు. నాకు వినపడదని చెవి చూపించాను. కాగితం తీసి "మీరేమవుతారు?" అని రాశాడు. తమ్ముణ్ణి అని రాశాను. ఆమె కాలు ఎలా విరిగిందో నాకు చూపించు అని రాశాను.

వెనక దీపం వెలిగే గాజు పలక మీద రెండు ఫిల్ములు పక్కపక్కన పెట్టాడు. ఒకటి నీ ఎడమ కాలు. అదే గీత, అడ్డంగా. అదే బొడిపె, బయటివైపు. నేను కొట్టలేదు, వాడు కొట్టలేదు, నా కళ్ళముందే విరిగింది, అయినా అన్నీ అలాగే ఉన్నాయి. బొడిపె మీద వేలు పెట్టి, "ఎముక ఒక్క రోజులో ఉబ్బదు. నెలల తరబడి పగులుని అతుక్కోవాలని ప్రయత్నించి, చేతకాక వేసుకున్న మాసిక ఇది" అని రాశాడు.

రెండోది అల్లుడిది. అక్కా, అక్కడ గీత లేదు. ముక్కలున్నాయి. త్రికోణంలా ఒక పెద్ద ముక్క ఊడి పక్కకి పోయింది, చుట్టూ నలిగిన రవ్వలు. ఇన్నేళ్ళ పనిలో అలా విరిగిన ఎముక నేను చూడలేదు. నా మొద్దు మీదికొచ్చేవన్నీ ఐసు పెట్టెలోంచి తీసినవి, ప్రాణం పోయి గడ్డకట్టినవి, ముందే రంపంతో గీత పెట్టినవి. బతికున్న ఎముక మీద కొట్టడం నాకదే మొదలు. నా ఎముకల జ్ఞానం అంతా చచ్చిన ఎముకల జ్ఞానమే.

ఇంటికొస్తే తలుపు కింద నీ ఉత్తరం పడి ఉంది. చేతులు జేబుల్లో పెట్టుకుని రమ్మన్న ఉత్తరం.

దుకాణం తియ్యడం లేదు. నిద్ర పడితే అల్లుడి నోరు తెరుచుకోవడం కనిపిస్తోంది, ఏమంటున్నాడో వినపడదు. నువ్వు రాశాక ఇప్పుడు అదీ వినపడుతోంది.

అక్కా, ఒక్క మాట అడుగుతాను. అతను నిచ్చెన అని చెప్పాడు కదా. నువ్వు కూడా నిచ్చెన అనే చెప్పు. నా ప్రాణం పోయేదాకా అతనికి చాకిరీ చేస్తాను, వీపు మీద ఎక్కించుకుని మెట్లెక్కిస్తాను. ఈ వయసులో నన్ను గోడల మధ్య పెడితే, వినపడని వాణ్ణి, అక్కడెవడో వెనక నుంచి పిలిచినా తెలియదు. నువ్వు తప్ప నాకెవరున్నారు? చిన్నప్పుడు నా నోరు మూసి కాపాడావు. ఈ ఒక్కసారి నీ నోరు మూసుకో అక్కా.

తమ్ముడు


ఏప్రిల్ 16
ఆసుపత్రి, అదే కిటికీ పక్క మంచం

పిడుగూ,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని రెండు రోజులు ఏడ్చాను. పక్క మంచం ఆవిడ కాలు నొప్పి అనుకుని నర్సుని పిలిచింది. నర్సు సూది వేసింది. ఆ ఏడుపుకి సూది పని చెయ్యలేదు.

నిన్న పోలీసాయన వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, "మీ అల్లుడు నిచ్చెన మీంచి పడ్డాడంటున్నాడు, నిజమేనా అమ్మా?" అని అడిగాడు. ఎదురుగా చక్రాల కుర్చీలో అల్లుడు ఉన్నాడు, తొడ చుట్టూ ఇనప చట్రంతో. అవును అనమని కళ్ళతోనే బతిమాలుతున్నాడు. అతని వెనక నీ మేనకోడలు నేల చూపులు చూస్తూ నిలబడింది.

అనేద్దామనే నోరు తెరిచాను రా. నీ కోసమే తెరిచాను. కానీ ఆ కుర్చీలో నాకు అల్లుడు కనపడలేదు. కట్టు కట్టేవాడి ముందు కూర్చున్న అమ్మ కనపడింది. మంచం కింద నీ నోరు మూసిన నా చెయ్యి కనపడింది. అమ్మ జారిపడ్డానని చెప్పబట్టే కదా నాన్న మళ్ళీ మళ్ళీ పీట ఎత్తాడు. అమ్మ అబద్ధం వినీ వినీ కదా నువ్వు నా నిజాన్ని నమ్మకుండా పోయావు. ఇప్పుడు నేను నిచ్చెన అంటే, నా కూతురు ఆ మాట విని నేర్చుకుంటుంది.

"నిచ్చెన కాదు బాబూ, నా తమ్ముడు కొట్టాడు" అన్నాను. నీ పేరు చెప్పాను. నీ ఇల్లు చెప్పాను, దుకాణం చెప్పాను. ఎందుకు కొట్టాడో కూడా చెప్పాను. నా మీద ప్రేమతోనే కొట్టాడని చెప్పాను. అది కూడా రాసుకోమన్నాను. రాసుకున్నాడు. అల్లుడు తల వంచుకుని ఏడ్చాడు. నీ మేనకోడలు అన్నాళ్ళకి మొదటిసారి నా దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

నన్ను క్షమించమని అడగను. నిన్ను చూడటానికి మాత్రం వస్తాను. రెండు కడ్డీలతో, రెండు చేతికర్రలతో ఎన్ని గోడలున్నా దాటుకుని వస్తాను. వడ్రంగి నడవగలనన్నాడు.

ఈ ఉత్తరం కంటే ముందే వాళ్ళు నీ తలుపు కొడతారేమో. తలుపు కొట్టినా నీకు వినపడదు, వినపడక నువ్వు తియ్యకపోతే వాళ్ళు పగలగొట్టుకుని వస్తారు, వెనక నుంచి నీ మీద చెయ్యి వేస్తారు, నువ్వు చేతికందింది పట్టుకుని తిరుగుతావు. అది తలుచుకుంటే నాకు కాళ్ళలో కడ్డీలు చల్లబడుతున్నాయి. కత్తులన్నీ దుకాణంలో పెట్టి తాళం వెయ్యి. ఇంట్లో వీధి తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చో. ఆ డబ్బా తెరిచి చెవి మిషను పెట్టుకో. తలుపు కొట్టిన చప్పుడు నీకు వినపడాలి తమ్ముడూ. విని, నువ్వే లేచి తియ్యి.

అక్క